మెటీరియల్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: “మా మెటీరియల్ ఒక్కటి చాలు, పుస్తకం తెరవక్కర్లేదు.”

అవతారిక: అమెరికా రోగుల రికార్డులకు కోడ్లు వేసే కొలువు కోరి అమీర్‌పేట మెట్లెక్కిన శిష్యుడికి, ఫీజు రసీదు చిరిగిన మరుక్షణం, గురువుగారు చేసిన ఉపదేశమిది.

ప్రతిపదార్థం: సుగమం. వదిలేస్తున్నాం.

శంక: కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసేది కదా? నాలుగు గంటల్లో నూరు ప్రశ్నలు. మరి పుస్తకం తెరవడం అలవాటు లేనివాడు అక్కడేం చేస్తాడు?

సమాధానం: గురువుగారు వేరే బ్యాచ్‌లో ఉన్నారు.

విశేషాంశం: మెదక్ సీమ కొలిచలమ వంశజుడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిన పూనాడు. కోడర్ ధర్మమూ అదే. డాక్టరు చార్టులో రాయని రోగం, ఎంత కనిపిస్తున్నా, రోగికి లేనట్టే. కనుక మల్లినాథుడు మన వృత్తికి ఆదిపురుషుడని ప్రతిపాదిస్తున్నాం. ఆయన ప్రతినను మాత్రం ఈ పేరా చివరి దాకా వాయిదా వేస్తున్నాం, ఎందుకంటే కోడి వచ్చింది. రోగాల, గాయాల కోడ్ల జాబితా అయిన ఐసీడీలో డబ్ల్యూ61.33 అంటే కోడి పొడవడం. డబ్ల్యూ61.32 అంటే కోడి తగలడం. సంక్రాంతికి భీమవరం బరిలో కత్తి కట్టిన పుంజు ఎగిరి ప్రేక్షకుడి చెయ్యి కోస్తే ఏ కోడ్? పొడిచింది ముక్కు కాదు. తగిలిందంటే కత్తి ఊరుకోదు, దానికి డబ్ల్యూ26.0 వేరే ఉంది. ప్రాచీనులు కోడి పక్షమనీ, నవ్యులు కత్తి పక్షమనీ చీలిపోయారు. ఎవరు గెలిచినా ఇవి బాహ్యకారణ కోడ్లు. మొదటి స్థానం గాయానిదే, పుంజు వెనక నిలబడాల్సిందే. పైగా ఆ చార్టు అమెరికాకు వెళ్లదు. చర్చ సమాప్తం కాలేదు, పేరా సమాప్తం.

ప్రకృతం: ఆ కోడి కోడ్ చివర ఎక్స్ అనే పూరకాక్షరం, ఆపైన ఏడో అక్షరం. మెటీరియల్‌లో ఏముంది? “ఏ అంటే మొదటి విజిట్, డి అంటే రెండోది.” తప్పు! చికిత్స జోరుగా సాగినంత కాలం, డాక్టరు మారినా, ఏ అక్షరమే. మానుతున్న దశలో చూపించుకోవడానికొస్తే డి. తర్వాత మిగిలిన అవలక్షణానికి ఎస్. జెట్ ఇంజిన్‌లోకి లాగబడ్డ మనిషికి కూడా వి97.33ఎక్స్‌డి ఉంది, అంటే పాపం బతికి, మానుతున్నాడన్నమాట. ఈ ఏడో అక్షరం నియమం అధికారిక మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. జెరాక్స్‌లో లేదు. ఆ తప్పుతో ఉద్యోగంలో చేరిన పిల్లల క్లెయిములు తిరిగొస్తే, క్వాలిటీ స్కోరు కోత వాళ్లకే. గురువుగారి స్కోరు ఎవరూ చూడరు.

‘ఒక్కటి’ అన్నారు గనక ఒక మాట. ఐసీడీ ఏటా అక్టోబరు 1న, చికిత్సల కోడ్ల జాబితా అయిన సీపీటీ జనవరి 1న మారతాయి. గురువుగారి జెరాక్స్ మారదు. మారేది దాని అట్ట మీది సంవత్సరం.

తాత్పర్యం: సీపీటీ మీద హక్కులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌వి; దాన్ని కొనాల్సిందే. ఐసీడీ కోడ్లూ మార్గదర్శకాలూ అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో ఉచితం. మెటీరియల్‌కు డబ్బు కట్టేముందు వాటిని దించుకోండి.