గడప మీద కమీషన్

హిరణ్యకశిపుడు రాయించుకున్న వరం ఎంత పకడ్బందీదో అహోబిలం మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కాదు, బయటా కాదు. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలోనూ కాదు. ఏ వకీలు చూసినా వంక పెట్టలేని పత్రం. చివరికి సందెవేళ, గడప మీద పని పూర్తయింది. ఆ వరం ఆయనకెంత ధీమా ఇచ్చిందో, ఆళ్లగడ్డలో, నంద్యాలలో ఫోను పట్టుకున్న కుర్రాళ్లకు ‘జీరో కమీషన్’ అనే మాట ఇప్పుడంత ధీమా ఇస్తోంది. కాకపోతే ఆయన ముల్లోకాలేలినవాడు, వీళ్లు వేరుశనగ రైతుల బిడ్డలు.

రీల్స్‌లో గురువుగారు చెప్పేది చిన్న మంత్రం. ఈటీఎఫ్‌లు కొనండి, నెలకు ఐదొందలు చాలు, కమీషన్ సున్నా, ఇక బ్రోకరు బతకడు, మీరే బతుకుతారు. బ్రోకరు బతకడట! మరి ఆ రీలుకు డబ్బులిచ్చిందెవరో, కింద ఖాతా తెరిచే లింకు ఎవరిదో గురువుగారు సెలవియ్యరు.

ఈటీఎఫ్ మీద, అంటే షేరులా మార్కెట్లో కొని అమ్ముకునే ఫండు మీద, నాకే కోపమూ లేదు. మన దేశంలో మొదటిదాన్ని, నిఫ్టీ బీస్‌ను, 2001 డిసెంబరులో బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ తెచ్చింది. చేతులు మారి మారి ఇప్పుడది నిప్పాన్ ఇండియా దగ్గరుంది. ఏడాదికి దాని ఖర్చు వెయ్యి రూపాయలకు దాదాపు 40 పైసలు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో మజూరీ, తరుగు కట్టి అలవాటైనవాళ్లకు ఇది ధర్మానికి ఇచ్చినట్టే అనిపిస్తుంది. సరుకు మంచిదే. దాన్ని ముందు పెట్టుకుని సాగే వ్యాపారమే వేరు.

గడప అమ్మేటప్పుడు కనిపిస్తుంది. డీమ్యాట్ ఖాతా నుంచి యూనిట్లు కదిలినందుకు డీపీ ఛార్జీ పడుతుంది. బ్రోకరును బట్టి పదిహేను, ఇరవై రూపాయలు. రెండు యూనిట్లు అమ్మినా అంతే, రెండు వేలు అమ్మినా అంతే. వెయ్యి రూపాయల యూనిట్లు అమ్మి పదహారు రూపాయలు పోగొట్టుకున్నవాడు, ఆ ఫండుకు నలభై ఏళ్లు కట్టాల్సిన ఖర్చును ఒక్క పూటలో వదిలించుకున్నాడన్నమాట. కమీషన్ మాత్రం సున్నాయే, వరం ఎక్కడా తప్పలేదు. కొనేటప్పుడు పడే 0.015 శాతం స్టాంపు డ్యూటీ, అమ్మేటప్పుడు పడే 0.001 శాతం ఎస్‌టీటీ ప్రభుత్వానివి. ఆ చిల్లర పాపం బ్రోకరు నెత్తిన రుద్దను.

ఆయన లెక్క ఇంకోటుంది. ఎక్స్ఛేంజీలు లావాదేవీల రుసుమును శ్లాబుల ప్రకారం తీసుకునేవి. ఎంత టర్నోవరు తెస్తే బ్రోకరుకు అంత తక్కువ రేటు. బ్రోకరేమో ఖాతాదారు దగ్గర పై రేటు పట్టుకుని, ఎక్స్ఛేంజీకి కింది రేటు కట్టి, నడుమ మిగిలింది తను ఉంచుకునేవాడు. పులివెందుల చీనీ రైతుకు ఈ విద్యను వివరించే పనే లేదు. తూకంలో సూటు పేరుతో కాయ కోసేసుకుని, ‘నీ తాన కమీషన్ తీసుకోలేదు గదప్పా’ అనే పెద్దమనుషులను ఆయన చూసే ఉంటాడు. 2024 అక్టోబరు 1 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ శ్లాబులను ఎత్తేయించింది. అంతదాకా ఈ రాబడి గురించి ఏ గురువూ రీలు చేసినట్టు లేదు.

ఇక పోర్ట్‌ఫోలియో అలంకరణ. నిఫ్టీ 50 ఒకటి, సెన్సెక్స్ ఒకటి, నిఫ్టీ 100 ఒకటి, బ్యాంక్ నిఫ్టీ ఒకటి, ప్రైవేటు బ్యాంకులది ఒకటి. కమీషన్ లేనప్పుడు ఎన్ని కొంటే ఏం? దీన్ని వైవిధ్యం అంటారు. తెరిచి చూస్తే అన్నిట్లోనూ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకే కూర్చుని ఉంటుంది. అహోబిలంలో తొమ్మిది గుళ్లు తిరిగి ఒకే నరసింహుణ్ణి చూస్తే పుణ్యమైనా దక్కుతుంది. ఇక్కడ దక్కేది, అమ్మిన రోజున ఒక్కోదానికి ఒక్కో డీపీ ఛార్జీ.

2025 అక్టోబరులో వెండి మీద పూనకం వచ్చినప్పుడు సిల్వర్ ఈటీఎఫ్‌ల ధర వాటి ఎన్‌ఏవీని, అంటే అసలు విలువను, దాటి ఎగిరింది. కొన్ని ఫండ్ సంస్థలు వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం ఆపేశాయి కూడా. అప్పుడూ మనవాళ్లు సున్నా కమీషన్‌తోనే కొన్నారు. కమీషన్ మిగిలింది, వెండి విలువకు మించి కట్టింది మాత్రం మిగల్లేదు.

ఇంతకీ సున్నాకు అమ్మేవాడి పొయ్యి ఎట్లా రాజుకుంటుంది? అమెరికాలో 2019 అక్టోబరులో ష్వాబ్ సున్నా అనగానే పెద్ద బ్రోకర్లంతా వరుసకట్టారు. సున్నా కమీషన్‌తోనే పేరు తెచ్చుకున్న రాబిన్‌హుడ్, ఖాతాదార్ల ఆర్డర్లను పెద్ద వ్యాపార సంస్థలకు మళ్లించి డబ్బు తీసుకుంటున్న సంగతి సరిగా చెప్పలేదని 2020 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ వేసిన 6.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మన దగ్గర ఆ డొంకదారి అక్కర్లేదు, రాజమార్గమే ఉంది: ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్. ఈటీఎఫ్ కొన్న తెర మీదే, పక్క బొత్తంలో, ఆర్డరుకు ఇరవై రూపాయలు. ఐదొందలు పెట్టి నిఫ్టీ బీస్ కొన్న కుర్రాడు, అదే నిఫ్టీ వారపు గడువు తీరే గురువారం ఎటు పోతుందో, ఇప్పుడైతే మంగళవారం ఎటు పోతుందో, పందెం కాయడానికి ఎంతసేపు పడుతుంది? సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది: మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. కమీషన్ లేని ఈటీఎఫ్ అంగడి ముందు పెట్టిన చలివేంద్రం. నీళ్లు ఉత్తివే, బేరం లోపల.

దీనికి భిన్నంగా పీఎఫ్ కార్మికుణ్ణి చూడండి. ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టు నుంచి ఆయన సొమ్ములో కొంత ఈటీఎఫ్‌లలో పెడుతోంది. యాప్ లేదు, రీలు లేదు, గురువు లేడు. తన సొమ్ము ఈటీఎఫ్‌లో ఉన్నట్టు కూడా చాలామందికి తెలీదు. కెలకనందువల్లే అది పెరుగుతోంది.

గురువుగారు చెప్పని రెండు మాటలు నేను ఉత్తినే చెబుతాను. డీమ్యాట్ ఖాతా ఒక్కటే ఉండి, అందులో నాలుగు లక్షల లోపే ఉంటే, బేసిక్ సర్వీసెస్ ఖాతా కింద ఏటా కట్టే నిర్వహణ రుసుము ఉండదు. 2024 సెప్టెంబరు నుంచి ఇదీ నియమం, అడిగి మార్పించుకోండి. రెండోది, ఖాతా తెరిచేటప్పుడు ఎఫ్ అండ్ ఓ దగ్గర టిక్కు పెట్టకండి, పెట్టి ఉంటే ఈ పూటే తీసేయించండి.