మాయామాళవగౌళ బాధితుడి మొర

అయ్యా, నేనొక గృహస్థుణ్ణి. మూడో అంతస్తులో కాపురం. కరెంటు బిల్లు గడువులోపే కడతాను. 8 నెలలుగా నాకు జరుగుతున్న అన్యాయాన్ని వినే కోర్టేదీ కనబడక ఇలా రాసుకుంటున్నాను.

మా అత్తగారిది విజయనగరం. అక్కడ 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలనీ, ఆయన తరవాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కుర్చీలో కూర్చున్నారనీ ఆవిడ చెప్పే తీరు చూస్తే, మూడో వంతు వీళ్ళ ఇంటికి రావలసి ఉందేమో అనిపిస్తుంది. ఆ వాటా కిందే మా పిల్లని సంగీతంలో వేశారు. మిగతా సాయంకాలాలు ఖాళీగా ఉన్నాయని కూచిపూడిలోనూ వేశారు. నన్నడగలేదు. ఫీజు మాత్రం అడిగారు.

పొద్దున్న ఆరింటికి నా ఫోను నాది కాకుండా పోతుంది. అందులో తంబూరా మోగుతూ ఉంటుంది. మా మేనేజరు ఫోను చేస్తే శ్రుతి ఆగిపోతుంది. ఆ కోపం ఆయన మీద కాదు, నా మీద. ఇక సరళీ స్వరాలు. పురందరదాసుగారు పిల్లల కోసం ఏర్పరిచారంటారు. పిల్లల తండ్రుల సంగతి ఆ మహానుభావుడికి తట్టినట్టు లేదు. ఒకటో కాలంలో దెబ్బకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి మాత్రం అదే నడక నడవాలి. మా పిల్ల మూడో కాలంలోకి వచ్చేసరికి గొంతుతోపాటు చెయ్యీ పరుగు తీస్తుంది. 8 అక్షరాల ఆదితాళం ఆరింట్లోనే అయిపోతుంది. తక్కిన రెండూ ఏమవుతున్నాయో తొడకే తెలియాలి. తాళం వేసేది నా తొడ మీదే లెండి.

‘ఒక్క కీర్తన చెప్పండమ్మా, చుట్టాలొస్తే పాడించుకోవాలి’ అని టీచరుగారిని బతిమాలాను. ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, అసలు మాయామాళవగౌళతోనే ఎందుకు మొదలెడతారో చెప్పారు. మేళకర్తల్లో 15వది. స, రి పక్కపక్కనే ఉంటాయి. రి నుంచి గ ఎడంగా ఉంటుంది. గ, మ మళ్ళీ పక్కపక్కనే. పైన ప, ద, ని, స కూడా అచ్చం ఇదే అమరిక. కింది సగం గొంతుకి పట్టుబడితే పై సగం తేలికవుతుందట. నేను చెవి ఒగ్గి విన్నాను. అదే నా కొంప ముంచింది.

డాన్సు గురించి ఎక్కువ చెప్పను. అడుగులు పడుతున్నంతసేపూ కింది ఇంటాయన ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటాడట. కానీ అభినయ దర్పణంలో తలకి 9 కదలికలున్నాయని పిల్లకి చెప్పడం మాత్రం మంచిపని కాదు. ఇదివరకు లెక్కలు చేయమంటే నోటితో ‘చెయ్యను’ అనేది, తిట్టడానికి వీలుగా ఉండేది. ఇప్పుడు తల అటూ ఇటూ ఆడించి ‘ధుతం’ అంటుంది. గట్టిగా అంటే మొహం పక్కకి తిప్పేసి ‘పరావృత్తం’. శాస్త్రోక్తంగా ఎదిరించే పిల్లని ఏ భాషలో తిట్టను? పైగా వాళ్ళమ్మ, ‘ఎంత చక్కగా తిప్పిందో చూశారా!’ అని మురిసిపోతుంది.

ఇవన్నీ భరించాను. నా అసలు ఫిర్యాదు వేరే. నాకో నిక్షేపంలాంటి అజ్ఞానం ఉండేది. నలభై ఏళ్ళు దాంతో సుఖపడ్డాను. ఎవరేం పాడినా ‘ఆహా’ అనేవాణ్ణి. మొన్న పెళ్ళిలో పాటకచేరీ అమ్మాయికి శ్రుతి జారిందని అనుమానమొచ్చి గుత్తివంకాయ రుచే తెలియలేదు. ఆఫీసు మీటింగులో నాకు తెలియకుండానే చెయ్యి బల్ల మీద ఓ దెబ్బ వేసి చిటికెన వేలు, ఉంగరం వేలు, నడివేలు లెక్కపెట్టింది. ‘ఏం లెక్కవేస్తున్నారు?’ అన్నాడు మేనేజరు. ఇంక్రిమెంట్లన్నాను. ఆ ఏడాదికి అదీ పోయింది.

ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఉండగా హాల్లో ఓ స్వరం కిందికి జారినట్టనిపించింది. బ్లేడు పక్కన పెట్టి, ‘ధైవతం తగ్గిందమ్మా!’ అని కేకేశాను. పాట ఆగింది. అత్తగారి పూజగంట కూడా ఆగింది. పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడి, నా నురగ మొహం వంక జాలిగా చూసింది.

‘నాన్నా, నేను పాడింది నిషాదం’ అని, మెల్లగా ధుతం పట్టింది.