పూడికకు రానూ పోనూ టికెట్

వానాకాలం ముందు చిన్న పట్టణాల్లో కాలువల పూడిక తీస్తారు. తీసింది గట్టునే పోస్తారు. ఎత్తరేమని అడిగితే ‘ఆరనివ్వండి’ అంటారు. ఆరేలోపే తొలకరి వచ్చి, దాన్ని మర్యాదగా మళ్లీ కాలువలో దిగబెట్టి పోతుంది. బిల్లు మాత్రం వెనక్కి రాదు.

రోడ్ల సంగతి సరేసరి. సిమెంటు రోడ్డు తడి ఆరకముందే పైపులైను వాళ్లకు ఆ వీధి గుర్తొస్తుంది.

నీళ్లకైతే పక్కా లెక్కుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లలో మనిషికి రోజుకు 135 లీటర్లివ్వాలన్నది కేంద్ర ప్రమాణం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కుళాయి దాకా మిగలాలి. కానీ చాలాచోట్ల కుళాయి పైపు మురుగుకాలువలోనే ఈదుతుంటుంది (ఈత ఎవరు నేర్పారో!). సరఫరా ఆగిన గంటల్లో పైపు ఖాళీ అయి, చిల్లుంటే మురుగును లోపలికి పీలుస్తుంది. 2018లో గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారంతో జనం చనిపోయారు కూడా.

ఇంత జరిగినా పారిశుద్ధ్య కార్మికుడు కనపడేది పని మానేసినప్పుడే. 2023 డిసెంబరు ఆఖర్లో ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే, వారం తిరక్కుండా చెత్తకుప్పలే వాళ్ల హాజరుపట్టీ అయ్యాయి.

సారూ, ముందు ఆ గట్టుమీది పూడిక ఎత్తించండి. మబ్బు పట్టింది.