కొండ దిగి హాస్టల్లో చేరేవాళ్లకు ఎదురు సలహాలు

హుకుంపేట సంతలో ట్రంకు పెట్టె, బకెట్టు, స్టీలు కంచం కొన్న రోజు నుంచే పిల్లలకు సలహాలు మొదలవుతాయి. అందరితో కలిసిపో. మన భాష అక్కడ మాట్లాడకు, నవ్వుతారు. ఏ గది ఇస్తే ఆ గదిలో ఉండు. పక్కవాడి సంగతి నీకొద్దు. పండగలకు రాకపోయినా పర్లేదు, మార్కులు చూసుకో. చెప్పేవాళ్లది ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ విశాఖ వెళ్లినా, విజయనగరం వెళ్లినా, మన పిల్లలు ఒంటరివాళ్లై మొదటి ఏడాదిలోనే పెట్టె సర్దుకొని వెనక్కి వచ్చేది ఈ సలహాలు బుద్ధిగా పాటించినందుకే అని నా గట్టి నమ్మకం. అందుకే వీటికి ఎదురు సలహాలు చెబుతున్నాను. వార్డెన్లకు ఇవి నచ్చవు. అమ్మానాన్నలకు భయం వేస్తుంది. అయినా పాటించమనే అంటాను.

ముందుగా, అందరితో కలిసిపోకు. చేరిన వారంలోనే డుంబ్రిగుడ, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు నుంచి ఎవరెవరు వచ్చారో కనుక్కో. నలుగురైదుగురు కలిసి ఒకే వరుసలో గదులు అడగండి. గ్రూపులు కడుతున్నారని మందలిస్తారు. మందలించనివ్వండి. అయితే ఆ వరుసకు ఒక పని ఉండి తీరాలి. కులం పేరుతోనో మండలం పేరుతోనో కూడిన గుంపులో సాయంత్రం కబుర్లు, ఎన్నికలప్పుడు కొట్లాటలు తప్ప ఇంకేమీ మిగలదు. కాఫీ వరుస, విత్తనాల వరుస, భాషల వరుస, హక్కుల వరుస, ఇలా ఏదో ఒకటి పెట్టుకోండి. ఆ పని చేస్తానని వస్తే ఏలూరు కుర్రాడికైనా మంచం ఇవ్వండి. చెయ్యనంటే సొంత మేనమామ కొడుకునైనా వేరే గదికి పంపండి. కష్టం ఈ రెండో మాట దగ్గరే. వరుస నిలబడినా, చెదిరిపోయినా దీని వల్లే.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ మైకల్‌జాన్ అనే ఆచార్యుడు 1927లో ఒక ప్రయోగ కళాశాల పెట్టాడు. విద్యార్థులంతా ఆడమ్స్ హాల్ అనే ఒక్క హాస్టల్లో ఉండేవారు. అధ్యాపకుల గదులూ అందులోనే. మొదటి ఏడాదంతా ప్రాచీన ఏథెన్స్ నగరం ఒక్కటే పాఠం, రెండో ఏడాది తమ దేశం. మధ్యలో వచ్చే వేసవిలో ప్రతి విద్యార్థీ తన సొంత ప్రాంతాన్ని గురించి విచారించి రాసుకురావాలి. 1932లో అది మూతపడింది. కానీ ఒకే ఆసక్తి ఉన్నవాళ్లను ఒకే అంతస్తులో ఉంచి, క్లాసులు కూడా కలిపి చెప్పే పద్ధతి అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో నడుస్తోంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆ నేల మూలవాసుల కోసం మువెక్మా తా రుక్ అని ప్రత్యేకంగా ఒక ఇల్లే ఉంది, బయటివాళ్లూ అందులో ఉండవచ్చు.

అంత దూరం ఎందుకు, కోరాపుట్ వైపు కోందుల ఊళ్లలో వయసు పిల్లలు రాత్రిపూట కలిసి ఉండే ఇళ్లు ఉండేవి, ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. పాటా ఆటా పనీ పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలకు అక్కడే చేరేవి. బస్తర్‌లో మురియా గోండుల ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకమే వేశాడు. కలిసి ఉండి కలిసి నేర్చుకోవడం మైదానంవాళ్లు వచ్చి కొండలకు నేర్పిన విద్య అని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఇక స్టడీ అవర్ సంగతి. ఆ గంటలో నోరు మూసుకొని కూర్చోకు. పైకే మాట్లాడు, అదీ మీ భాషలో. ఘర్షణ బలం గురించి, వేరు నీటిని ఎలా పీలుస్తుందనే దాని గురించి ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో పక్క మంచం పిల్లకు చెప్పి చూడు. ఎక్కడ ఆగిపోయావో పాఠం అక్కడే అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషులో బట్టీపట్టి ఆ సంగతి మాస్టారి దగ్గర దాచవచ్చు, ఇంటి భాషలో దాచలేవు. మన ప్రభుత్వమే రెండు దశాబ్దాల క్రితం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వేసింది. ఒకటో తరగతిలో పనికొచ్చిన భాష డిగ్రీలో ఎందుకు పనికిరాదో నాకు ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకొని సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఒకే కప్పు కింద ఉంటూ నేర్చుకోవడం, నేర్పడం అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఇల్లు చాలు. భాషల వరుస పెట్టేవాళ్లు ముందుగా తలుచుకోవలసింది ఆయన్నే.

హక్కుల వరుస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కోచింగ్ గైడ్లు వారంలో రెండు రాత్రులు పెట్టెలో పెట్టేయండి. ఆ రెండు రాత్రులూ చట్టాలు చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూముల్ని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదన్న 1997 నాటి సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం. పోడు పట్టా కోసం దరఖాస్తు మొదట గ్రామసభ ముందుకే వెళ్లాలనీ, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు వస్తుందనీ, అది కూడా నాలుగు హెక్టార్లకు మించదనీ, రెండు సాక్ష్యాలు కావాలనీ, ఊరి పెద్దల మాట రాయించి పెడితే అదీ సాక్ష్యమేననీ పోడు చేసే ఇంట్లో పుట్టిన ఎంతమంది డిగ్రీ పిల్లలకు తెలుసు? చదివి ఊరుకోకండి. సెలవుల్లో ఇంటికెళ్లి ఒక్క దరఖాస్తయినా మీ చేత్తో రాసి గ్రామసభకు ఇవ్వండి. తిరస్కరిస్తే ఎందుకో కాగితం మీద అడగండి. రాజనీతిశాస్త్రంలో ఒక పేపరు పోతే మళ్లీ రాసుకోవచ్చు.

కాఫీ వరుసలో వృక్షశాస్త్రం, వాణిజ్యం, కంప్యూటర్లు చదివే ముగ్గురైనా ఉండాలి. పచ్చివీ పండినవీ కలిపి దూసేసిన కాయకు, ఎర్రగా పండినవే ఏరి తొక్క తీసి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్‌కు ధర ఎంత తేడా వస్తుందో, ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో వాళ్లే లెక్క కట్టాలి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తోంది. వీటివల్ల మీ ఇంటి గుమ్మంలోకి ఎంత వచ్చిందో చూసి రాయండి. మైకల్‌జాన్ వేసవికి ఇచ్చినది ఇలాంటి పనే.

పండగకు రా. ఇది చెబితే లెక్చరర్లు నన్ను తిడతారు. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది, పరీక్షలూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అయినా బయలుదేరు. విత్తనాలకు పూజ చేసే రోజున ఊళ్లో లేనివాడు విత్తనాల వరుసలో కూర్చొని ఏం చెబుతాడు? ఒంటరిగా రాకు, మైదానం నుంచి వచ్చిన నీ గది నేస్తాన్ని వెంటబెట్టుకు రా. సామలు, చోడి, రాజ్మా, వలిసెలు ఏ నెలలో వేస్తారో, విత్తనం ఎవరింట్లో ఎలా దాస్తారో ఇద్దరూ కలిసి రాసుకోండి. రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర పట్టుకొని ఆడవాళ్లు పండగ డబ్బులు అడిగితే నీ నేస్తం చేతే ఇప్పించు.

అమ్మలకూ అయ్యలకూ ఒక మాట. ఫోన్లో మార్కులు అడగకండి. ఈ వారం ఎవరికి ఏం నేర్పావని అడగండి, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావని అడగండి. రెండింటికీ జవాబు లేకపోతే అప్పుడు దిగులుపడండి.

విశ్వవిద్యాలయాలు నడిపేవాళ్లకు చెప్పేది ఇంకా మొండిగా ఉంటుంది. 2014 విభజన చట్టంలో మాటిచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలిక భవనాల్లో మొదలైంది. సొంత ప్రాంగణం మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో. అక్కడ హాస్టల్ గదులు రోల్ నంబరు వరుసన ఇవ్వకండి. శాఖల వారీగా కూడా వద్దు. పనిని బట్టి ఇవ్వండి. ప్రతి వరుసలో ఒక అధ్యాపకుడి కుటుంబం కాపురం ఉండాలి. 1971లో సర్వేలులో గురుకులం మొదలుపెట్టినప్పుడు ఉపాధ్యాయులు పిల్లలతోపాటు ఆవరణలోనే ఉండాలనుకున్నారు. బడిపిల్లలకు అవసరమనుకున్నది పద్దెనిమిదేళ్ల పిల్లలకు అక్కర్లేదా? అటెండెన్స్ వేసుకొని తొమ్మిదింటికి గేటుకు తాళం వేసే మనిషి ఉంటే సరిపోదు. రాత్రి పదకొండుకు పిల్లలు కువిలో రసాయనశాస్త్రం వాదించుకుంటుంటే తలుపు తోసుకొని వచ్చి కూర్చునే మనిషి కావాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగకు. చేరిన రోజే వార్డెన్‌కు అర్జీ పెట్టు. పైన మీ నలుగురి పేర్లు, గ్రూపులు రాయండి. కింద మూడే ముక్కలు: మాకు పక్కపక్కన రెండు గదులు కావాలి, ఈ ఏడాది ఫలానా పని చేస్తాం, ఒక మంచం బయటివాళ్లకు ఖాళీగా ఉంచుతాం. ఒక నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకొని ట్రంకు పెట్టెలో దాచు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ నకలు జతచేసి ప్రిన్సిపాల్‌కు రాయి.