నా భుజం మీది రాత

నేను 1962లో పుట్టాను. ఊరు అమెరికాలోని మిల్వాకీ. ఉక్కు పలకను ఒత్తి, సాగదీసి, పైకొసను మెడలా నొక్కి, ఎక్కడా అతుకు లేకుండా నన్ను తయారు చేశారు. స్కూబా డైవర్లు వీపున కట్టుకునే గాలి ట్యాంకును నేను. వాళ్లు నన్ను ‘స్టీల్ 72’ అంటారు. నిండుగా నింపితే 71.2 ఘనపుటడుగుల గాలి నాలో ఇముడుతుంది.

అది అమెరికాలో స్కూబా ఊపందుకున్న కాలం. ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు నీళ్లలో ఊపిరి పీల్చుకునే ఆక్వాలంగ్ పరికరాన్ని 1943లో కనిపెట్టారు. 1958 నుంచి నాలుగేళ్ల పాటు టీవీలో వచ్చిన ‘సీ హంట్’ చూసి ఎందరో కుర్రాళ్లు సముద్రం వైపు నడిచారు. అలాంటి ఒక కుర్రాడు నన్ను కొని కాలిఫోర్నియా తీరానికి తీసుకెళ్లాడు. మాంటెరే దగ్గర నీళ్లు ఎముకలు కొరికేంత చల్లన. కెల్ప్ అనే సముద్రపు నాచు కొబ్బరి చెట్ల ఎత్తున పెరిగి ఉంటుంది.

గాలి ఎంత మిగిలిందో చూపే గేజీ అప్పట్లో చాలామంది దగ్గర ఉండేది కాదు. ఆ లోటు తీర్చింది నా మెడ మీది జే-వాల్వు. నీళ్లలోకి దిగేటప్పుడు దాని మీట పైకి ఉండాలి. గాలి పీడనం సుమారు 300 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) తగ్గగానే లోపలి స్ప్రింగు దారి మూసేస్తుంది, ఊపిరి బరువెక్కుతుంది. అప్పుడు డైవరు చెయ్యి వెనక్కి చాచి, నా పక్కన వేలాడే కడ్డీని కిందికి లాగాలి. టక్కున మీట దిగుతుంది, ఆపి ఉంచిన గాలి వస్తుంది. ఆ గాలితో పైకి వచ్చేయాలి. ప్రమాదం ఏమిటంటే, నాచు తగిలి మీట ముందే దిగిపోయినా డైవరుకు తెలియదు. దాచిన గాలి కూడా మామూలు గాలితో పాటే ఖర్చైపోతుంది. జే-వాల్వు ఉన్నా గేజీ పెట్టుకోమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

నా గురించి తెలుసుకోవాలంటే భుజం మీద చెక్కిన అక్షరాలు చదవాలి. ‘ఐసీసీ-3ఏఏ2250’ అని ఉంటుంది. ఐసీసీ అంటే అమెరికా అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్, అప్పట్లో ట్యాంకుల నిబంధనలు చూసేది అదే. 1967లో పని మొదలుపెట్టిన రవాణా శాఖ (డీఓటీ) ఆ బాధ్యత తీసుకుంది, కాబట్టి నా తర్వాతి తరం మీద ‘డీఓటీ’ కనిపిస్తుంది. 3ఏఏ అంటే మిశ్ర ఉక్కు. 2250 అంటే పీఎస్ఐలలో పని పీడనం. పరీక్ష తేదీ పక్కన + గుర్తు ఉంటే మరో పది శాతం, అంటే 2475 దాకా నింపొచ్చు. పుట్టినప్పుడు + ఉన్నంత మాత్రాన అది శాశ్వతం కాదు. అయిదేళ్లకోసారి జరిగే పరీక్షలో మళ్లీ సంపాదించుకోవాలి.

ఆ పరీక్షలో నన్ను నీళ్లతో నింపి, నీళ్ల తొట్టిలో పెట్టి, 3750 పీఎస్ఐ ఒత్తిడి ఇస్తారు. నా ఒళ్లు ఉబ్బుతుంది. ఒత్తిడి తీశాక మళ్లీ సర్దుకోవాలి. ఉబ్బినదాంట్లో పదో వంతు కంటే ఎక్కువ అలాగే మిగిలిపోతే నన్ను పక్కన పెట్టేస్తారు.

నా అసలు శత్రువు తుప్పు. మొదటి యజమాని పెద్దవాడై డైవింగ్ మానేశాక గ్యారేజీలో ఏళ్ల తరబడి పడి ఉన్నాను. కింద తొడిగిన ప్లాస్టిక్ బూటు ఉప్పునీటిని పట్టి ఉంచి అడుగును తినేస్తుంది. లోపల తడి చేరితే ఇంకా ముప్పు. తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అలాంటి గాలి పీల్చినవాడు ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పొచ్చు. అందుకే ఏటా వాల్వు విప్పి లోపల చూడాలి.

చివరికి నా మొదటి యజమాని మనవరాలు నన్ను గ్యారేజీ నుంచి పరీక్షకు తీసుకెళ్లింది. పరీక్షించే మనిషి నా మెడలోంచి సన్నటి దీపం దించి, చిన్న అద్దంతో గోడలంతా వెతికాడు. పలచటి ఎర్రపొడి కనిపించింది గానీ గుంటలు లేవు. గరుకు రాళ్లు పోసి దొర్లించి శుభ్రం చేశాడు. ఒత్తిడి పరీక్షలోనూ నెగ్గాను. భుజం మీద కొత్త తేదీ, పక్కన + పడ్డాయి. ఇప్పుడు ఆ పిల్ల వీపు మీద నీళ్లలోకి దిగుతున్నాను.

వయసు చూసి నన్ను తీసిపారేయడం అన్యాయం. 1988కి ముందటి అల్యూమినియం ట్యాంకులు చాలావాటిలో 6351 అనే మిశ్రలోహం ఉంది. వాటి మెడలో పగుళ్లు రావచ్చు, ప్రత్యేక పరీక్ష కావాలి. వాటిలో చాలావాటికన్నా నేనే పెద్దదాన్ని, అయినా నాకు ఆ జబ్బు లేదు.

పాత ట్యాంకు కొనేవాళ్లకు నా మనవి. కొత్త రంగు చూసి మురిసిపోకండి. పెయింటు కింద అక్షరాలు పూడిపోయి ఉంటే బేరం ఆపండి. కొలిమిలో కాల్చి రంగు వేయించినదని తెలిస్తే అసలు తీసుకోకండి, ఆ వేడికి ఉక్కు బలం తగ్గవచ్చు. పరీక్ష గడువు దాటిన ట్యాంకులో ఒక్కసారికైనా గాలి నింపించకండి.