తూర్పున పొడవని పొద్దు

ఎనిమిదో తరగతిలో "సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడ్రా?" అని అడగండి. "తూర్పునండీ!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. "పొద్దున్న చూసినవాళ్లు చేతులెత్తండి" అంటే ఒక్క చెయ్యీ లేవదు. మిట్టమధ్యాహ్నం పెళ్లిపందిట్లో పురోహితుడు వేలు చూపించగానే "ఆఁ, అరుంధతి కనిపించింది" అనే వధూవరుల బాపతు జ్ఞానం ఇది.

ఖగోళం చెప్పే మాస్టారి కష్టమంతా ఇక్కడే. భూమి తిరగడంవల్ల ఆకాశం కదిలినట్టు కనిపిస్తుందని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. ఆ కదిలేదేమిటో మాత్రం ఒక్కడూ తలెత్తి చూడడు.

క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు పడవ ఉదాహరణ చెప్పాడు కదా అని నేనూ వాళ్లను పడవెక్కించాను. ముందుకు సాగే పడవలోవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టుంటాయి, చుక్కలూ అంతే అన్నాను. వెనకబెంచీ నుంచి ఒకడు లేచాడు.

"పడవలో మొహానికి గాలి కొడుతుంది కదండీ! మనూరు గంటకి 1600 కిలోమీటర్లు పోతుంటే మా ఇంటి పెంకులు లేచిపోవేంటండీ?"

"గాలి కూడా మనతోపాటే పడవెక్కిందిరా."

"టిక్కెట్టు లేకుండానాండీ?"

ఇలా లాభం లేదని పుస్తకాలు మూయించి, ప్రతి ఆదివారం ఒకేచోట నిలబడి పొద్దు ఎక్కడ పొడుస్తోందో రాసుకు రమ్మన్నాను. టిక్కెట్టువాడి వీధరుగు మీంచి చూస్తే జూన్‌లో వాటర్ ట్యాంకు వెనక పొడిచిన సూర్యుడు, దసరాల నాటికి కొబ్బరిచెట్టు దాటి, క్రిస్మస్‌కి ఎక్కడో కుడిచేతివైపు సెల్ టవరు పక్కకు చేరాడు. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. ఆ చివరికీ ఈ చివరికీ ఐదు పిడికిళ్లు! సరిగ్గా తూర్పున పొడిచేది ఏడాదికి రెండుసార్లే, మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి.

"మిగతా రోజులన్నీ పుస్తకం తప్పాండీ?" అన్నాడు వాడు, ఎక్కడలేని సంతోషంతో.

ఏప్రిల్ పరీక్షలో ఒక ఖాళీ వచ్చింది: సూర్యుడు ........ దిక్కున ఉదయిస్తాడు. మావాడు ఆ చుక్కలు చాలక మార్జిన్లోకి పాకి, "జూన్‌లో ట్యాంకు వెనక, డిసెంబరులో టవరు పక్కన, తూర్పున రెండు రోజులే" అని రాశాడు. పేపర్లు దిద్దింది వేరే బడి మాస్టారు. సున్నా చుట్టి, పక్కన ఎర్రసిరాతో "తూర్పు" అని దయచేశారు.

వాడు పేపరు పట్టుకొచ్చి నన్నడిగాడు: "ఆయనది ఏ ఊరండీ? అక్కడ ట్యాంకు లేదాండీ?"