చూసి వేసిన బొమ్మ

తెలుగు గృహములలో చిత్రకళా విమర్శ యావత్తును ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. పిల్లవాడు తాను వేసిన బొమ్మను పట్టుకొని వచ్చి గుమ్మములో నిలువబడినంతనే, పెద్దలు ఆ కాగితమును చేతిలోనికైన తీసికొనకుండ అడుగు మాట: "చూసి వేశావా, చూడకుండా వేశావా?" చూడకుండ వేసినవాడు పూర్వజన్మ సుకృతము కలవాడు, పెద్దయిన పిమ్మట ఏదో ఒకటి కాక తప్పనివాడు, చూచి వేసినవాడు సామాన్యుడు, ఇక బొమ్మపై పలుచని కాగితము పరచి గీత వెంబడి గీత లాగినవాడు, పరీక్షలో ప్రక్కవాని కాగితములోనికి తొంగిచూచినవానితో సమానుడు. ఈ స్మృతి మా యింట కడు నిక్కచ్చిగా అమలు జరుగుచుండెను. నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా, ఇందలి చివరి రెండు నేరములను ఒకే వారములో చేసితిని.

దానికి కారణము మా పాఠశాల వార్షికోత్సవము. ఆ సందర్భమున చిత్రప్రదర్శన జరుగుననియు, ప్రతి విద్యార్థియు ఎవరైన ఒక గొప్ప చిత్రకారుని బొమ్మ చూచి, ప్రేరణ పొంది, ఒక చిత్రమును వ్రాసి తేవలెననియు డ్రాయింగు మాస్టారు ప్రకటించిరి. ప్రేరణ యను మాట అదివరకు నాకు వ్యాకరణము తరగతిలోనే పరిచితము. చేయుట ఒకడు, చేయించుట మరియొకడు. చేయించువాడు హాయిగా కూర్చుండును, చేయువానికి నడుము నొప్పి పుట్టును. అదియే ప్రేరణార్థక క్రియ. కావున ఎవరో ఒక మహాచిత్రకారుడు నాచేత బొమ్మ వేయించుననియు, నా బాధ్యత కుంచె పట్టుకొనుటవరకేననియు నేను భావించుటలో వింత యేమియు లేదు.

ఆ మహాచిత్రకారుని వెదకుకొనుటకు ఊరు దాటి పోనక్కరలేకపోయెను. 1947 జులైలో పుట్టిన చందమామ అప్పటికి ప్రతి వీధిలోను ఒకటి రెండు ఇండ్లకు వచ్చుచుండెను. దాని అట్టమీద వడ్డాది పాపయ్యగారి బొమ్మలు పడుచుండెను. ఆ బొమ్మలలోని స్త్రీలు నేలమీద నిలిచియుండియు నేలను తాకినట్లుండరు. వారి నగలు లెక్కపెట్టవచ్చును గాని బరువు తోచదు. చెక్కిలిమీది ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో, భూతద్దము పెట్టి చూచినను హద్దురాయి కనబడదు. మా ప్రక్కింటి అత్తయ్యగారు పండ్రెండు నెలల సంచికలను కూడబెట్టి, ఏటేట బైండు కట్టించి, పెట్టెలో పట్టుచీరల క్రింద దాచుకొను సాధ్వి. వనకన్యయు లేడిపిల్లయు అట్టమీద నున్న ఒక క్రొత్త సంచికను ఆమె నాకు రెండు దినముల గడువుతో ఇచ్చుచు, "పేజీలు మడత పెట్టకు నాయనా, నూనె చేతులతో మాత్రం పట్టుకోకు" అనెను. పెద్దల వాక్కులో భవిష్యత్తు దాగియుండునని నాకు అప్పుడు తోచలేదు.

ఏలననగా, ఆ రాత్రియే నేను పలుచని కాగితమునకు కొబ్బరినూనె పట్టించి, గుడ్డతో తుడిచి, అది అద్దమువలె పారదర్శకమైనంతనే వనకన్యపై పరచితిని. ఈ విద్య మా తరగతిలో అందరికిని తెలిసినదే. నూనె పూర్తిగా ఆరవలెనను ఉపవిద్య మాత్రము కొందరికే తెలియును, వారిలో నేను లేను. పది నిముషముల పిమ్మట కాగితమెత్తి చూచునప్పటికి, లేడిపిల్ల వీపుమీద రూపాయిబిళ్ళంత మరక యొకటి నిగనిగలాడుచు, ప్రకృతిసిద్ధమైన మచ్చలలో తానును ఒకటియై కూర్చుండెను. సుద్దపొడి చల్లితిని, గోధుమపిండి చల్లితిని, దేవునికి మ్రొక్కితిని. మరక వెడల్పయ్యెను.

అంతట నాకు ధర్మబుద్ధి పుట్టి, అద్దుట మాని, గడుల పద్ధతి నవలంబించితిని. సినిమా హాళ్ళయొద్ద అరచేతియంత ఫొటోను చూచి తాడిచెట్టంత కథానాయకుని గీయువారు వాడుకొను పద్ధతి ఇదియే: చిన్న బొమ్మమీద చిన్న గడులు, పెద్ద అట్టమీద పెద్ద గడులు, ఏ గడిలోనిది ఆ గడిలోనికి. అయితే నూనెపడిన సంచికమీద పెన్సిలుగీతలు కూడ గీయుటకు నాకు గుండె చాలలేదు. అందువలన అంగుళమునకొక తెల్లదారము చొప్పున అడ్డముగను నిలువుగను పరచి, కొసలను అన్నపు మెతుకులతో బల్లకు అంటించితిని. డ్రాయింగు అట్టమీద రెండంగుళముల గడులు గీచితిని. నాలుగవ పంక్తితో మెడ పూర్తియైనంతనే అమ్మ భోజనమునకు పిలిచెను. నేను పప్పన్నము తినుచుండగా చీమలును భోజనమునకే ఉపక్రమించెను. అవి మెతుకులను లాగుకొనిపోగా నాలుగవ దారము పైకి జారి మూడవదానిని కౌగిలించుకొనెను. నేను తిరిగివచ్చి, ఈ పరిణామమును గమనింపక, అయిదవ పంక్తిని అచటినుండియే ఆరంభించి, అదివరకే గీచిన మెడను మరల ఒక పర్యాయము శ్రద్ధగా గీచితిని.

చాలకాలమునకు తెలిసిన సంగతి యొకటి ఇచట చెప్పవలెను. 1887లో పారిస్ నగరమున వాన్ గో అంతటివాడు జపాను చిత్రకారుడు హిరోషిగే వేసిన పూచిన ప్లమ్ తోట బొమ్మను ఇట్లే గడులు గీచి ఎత్తి వ్రాసెననియు, పైగా చుట్టును అంచులలో తనకు చదువరాని జపాను అక్షరములను నింపెననియు చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతింత యనరానిది. ఆయన దారములను మెతుకులతో అంటింపలేదు, అంతియే భేదము.

బొమ్మ పూర్తియైనది. రంగులు కూడ వేసితిని. ఒంటె బొమ్మగల పెట్టెలో గులాబిరంగు అయిపోయినందున వనకన్యకు ఇటుకరాతి చెక్కిళ్ళు సంప్రాప్తించెను. నాయనమ్మ కండ్లజోడు తుడుచుకొని చాలసేపు చూచి, "పిల్ల బాగానే ఉందిరా. మెడకేమయింది? గవదబిళ్ళలా?" అనెను. గవదబిళ్ళలైన మెడ వాచును గాని సాగదని నేను మనవిచేసితిని. "మరి ఈ మేకపిల్ల ఎవరిది?" అనునది రెండవ ప్రశ్న. మూడవది చెప్పనక్కరలేదు. "చూసే వేశాను" అంటిని. "చూసి వేస్తేనే ఇలా ఉందా!" అని ఆమె నిజమైన జాలితో నా తల నిమిరెను.

మరునాడు డ్రాయింగు మాస్టారు బొమ్మను గోడకానించి రెండడుగులు వెనుకకు జరిగిరి, మరి రెండడుగులు జరిగిరి, ఇంకను జరుగుటకు గోడ అడ్డమువచ్చి ఆగిరి. అప్పుడు వారి దృష్టి క్రిందిమూల నిలిచెను. ఆ మూలగడిలో ఏమున్నదో ఆ గడిలోనిదే నేను వ్రాసియుంటిని గదా, లెక్కప్రకారము రెండింతలుచేసి, మిక్కిలి స్పష్టముగా, "వ.పా." అని.

"ఒరేయ్, ప్రేరణ పొందమన్నానా, సంతకం పొందమన్నానా?"

నేను మాటాడలేదు.

"ఇది ఆయన కంటబడితే ఏమవుతుందో తెలుసా? సంతకం మార్చుకుంటాడు."

మాస్టారు కోపించి ఊరకున్న బాగుండెడిది. కాని వారికి కోపము వచ్చినచో చరిత్ర చెప్పు అలవాటు కలదు. తిరువనంతపురము కోటలో యువకుడైన రవివర్మకు ఆస్థాన చిత్రకారుడు రామస్వామినాయుడు తైలవర్ణముల మర్మము చెప్పుటకు నిరాకరించిన సంగతియు, 1868లో జెన్సన్ అను పాశ్చాత్యుడు రాజదంపతుల చిత్రములు వ్రాయ వచ్చినప్పుడు, నేర్పనని చెప్పినను చూచుటకు మాత్రము సమ్మతింపగా, రవివర్మ ప్రక్కన నిలువబడి చూచి చూచి నేర్చుకొనిన సంగతియు చెప్పిరి. 1894లో ఆ రవివర్మయే బొంబాయిలో అచ్చుయంత్రమును పెట్టి తన దేవతలను ఇంటింటికి పంపెననియు, శ్రీకాకుళములో డ్రాయింగు మాస్టారి కొడుకైన పాపయ్య అనెడి బాలునికి రవివర్మ కోదండరాముడే తొలి ప్రేరణ యనియు చెప్పిరి. తమవంటి డ్రాయింగు మాస్టారే యనునప్పుడు వారి కంఠము కొంచెము బొంగురుపోయెను. జెన్సన్‌ను చూచి రవివర్మ, రవివర్మను చూచి పాపయ్య, పాపయ్యను చూచి నేను. ఇట్టి మహానది మా తరగతి గదివరకు పారివచ్చి నా అట్టమీద ఇంకిపోయినందుకు నేను తలవంచుకొంటిని.

"చూసి వేయడం తప్పు కాదురా. వాళ్ళు బొమ్మని చూశారు. నువ్వు దారాలు చూశావు."

సంతకమును తడిగుడ్డతో తుడిపించిరి. అచట మబ్బువంటి మరక యేర్పడెను, దానిపై ఒక గడ్డిదుబ్బు మొలిపించితిని. తరువాత వారు చాలసేపు ఆలోచించి నా బొమ్మను "అనుకరణ" విభాగమునుండి తొలగించి "ఊహాచిత్రము" విభాగములో చేర్చిరి. అనుకరణలో మూలచిత్రమును ప్రక్కన పెట్టవలెను. ఊహాచిత్రమునకు అట్టి ప్రమాదము లేదు. వార్షికోత్సవమునాడు ముఖ్యఅతిథిగా వచ్చిన తహసీల్దారుగారు నా బొమ్మయొద్ద ఆగి, మెడను పైనుండి క్రిందికి ప్రయాణము చేసి, "చూసి వేశావా బాబూ?" అని యడిగిరి. నేను మాస్టారివైపు చూచితిని. మాస్టారు పైకప్పువైపు చూచిరి. "చూడకుండానే వేశానండి" అంటిని. మెడలో సగమువరకు అది సత్యమే.

ఊహాచిత్రములు మొత్తము మూడు వచ్చినందున నాకు తృతీయ బహుమతిగా సబ్బుపెట్టె యొకటి లభించెను. ఆ సాయంకాలము, గడువు దాటి నాలుగు దినములైన పిమ్మట, సంచికను అత్తయ్యగారికి తిరిగి ఈయబోతిని. ఆమె దానిని కిటికీ వెలుతురున అటునిటు వాల్చి చూచి, లేడిపిల్ల వీపుమీద బొటనవ్రేలు ఒకమారు ఆనించి, ఆ వ్రేలిని వాసన చూచి, "ఉంచుకో నాయనా" అనెను.

ఆ సంవత్సరపు బైండులో పదకొండు సంచికలే ఉన్నవి.